వేళ్లకు తెలియని ఆయిలు

నేను ఒక చచ్చుబడిన చక్రాన్ని. అరచేతిలో పట్టేంత ఉంటాను. పైన పళ్లున్న గుండ్రటి డబ్బా, లోపల నాలుగు రెక్కలున్న ఇంకో ముక్క. అంతే నా ఆకారం. కార్ల కంపెనీ పుస్తకంలో నాకు మూరెడు పొడుగు పేరుంది. విజయవాడ ఆటోనగర్‌లో మాత్రం వివిటి గేరు అంటారు. అలా అనేవాళ్లలో సగంమందికి నేనేం చేస్తానో తెలియదు. మిగతా సగంమందికి తెలుసుగానీ చెప్పమంటే నీళ్లు నములుతారు. అందుకని నా సంగతి నేనే చెప్పుకుంటున్నాను. ఏడుస్తూ చెబుతున్నానని మాత్రం అనుకోకండి. ఏడుపు, సంతోషం, కోపం, అన్నీ నాకు ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు ఏదీ తెలియడం లేదు. ప్రస్తుతం ఒక కిటికీ గట్టు మీద, షుగరు మాత్రల డబ్బా పక్కన కూర్చుని ఉన్నాను.

పుట్టింది చెన్నై శివార్లలో ఒక ఫ్యాక్టరీలో. ఇనుప పొడిని అచ్చులో పోసి నొక్కి, కొలిమిలో కాల్చి నా రెక్కలు చేశారు. వెంట్రుక మందం తేడా వచ్చినా పక్కన పడేసే చోటు అది. నాతోపాటు పుట్టినవాళ్లలో కొందరు అక్కడే తుక్కులోకి పోయారు. నన్ను ఒక బల్ల మీద బిగించి నా రంధ్రాల్లోకి వేడి ఆయిలు కొట్టారు. పల్చటి ఆయిలు. అది తగలగానే నా రెక్కలు మొదటిసారి కదిలాయి. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఆ హాయి నాకు జ్ఞాపకంగా ఉంది. హాయి మాత్రం లేదు.

ఇక నా పని. ఇంజన్ అంటే ఊపిరి పీల్చి వదిలే యంత్రం. దాని నెత్తిన గాలి, పెట్రోలు లోపలికొచ్చే తలుపులు కొన్ని, కాలిన పొగ బయటికిపోయే తలుపులు కొన్ని ఉంటాయి. వాటినే వాల్వులంటారు. వాటిని తెరిచేది, మూసేది క్యామ్‌షాఫ్టు అనే పొడుగాటి కడ్డీ. పాత ఇంజన్లలో ఆ తలుపులు తెరిచే వేళ ఒక్కటే. బండి గేటు దగ్గర ఆగి ఉన్నా, ఫ్లైఓవర్ ఎక్కుతున్నా, ఖాళీ రోడ్డు మీద నింపాదిగా పోతున్నా అదే వేళ. మనుషులు మూడుపూటలా మూడు రకాలు తింటారుగానీ ఇంజన్‌కి మాత్రం ఒకటే పద్ధతి పెట్టారు, నూరేళ్ల పాటు.

నేనొచ్చాక అది మారింది. గాలి లోపలికొచ్చే తలుపుల కడ్డీ చివర నన్ను బిగించారు. చైను నన్ను తిప్పుతుంది, నేను కడ్డీని తిప్పుతాను. మధ్యలో నా రెక్కలకు అటొక అర, ఇటొక అర. ఇటు అరలోకి ఆయిలు వస్తే కడ్డీని పిసరంత ముందుకు తోస్తాను, తలుపులు ముందుగా తెరుచుకుంటాయి. అటు అరలోకి వస్తే వెనక్కి జరుగుతాను, ఆలస్యంగా తెరుచుకుంటాయి. బండి ఆగి ఉన్నప్పుడు ఆలస్యమే మంచిది. పొగ, గాలి కలిసిపోకుండా ఇంజన్ నిమ్మళంగా ఆడుతుంది. మామూలు వేగంతో పోతున్నప్పుడు ముందుగా తెరుస్తాను. అప్పుడు బయటికి పోబోయే పొగలో కాస్త లోపలే ఉండిపోతుంది. పొగ ఎందుకండీ అని మొహం చిట్లించకండి. చిన్న పనికి నిండు ఊపిరి అక్కర్లేదు. సగం మూసిన గొట్టంలోంచి గాలిని ఈడ్చుకోవడానికి ఇంజన్ పడే తిప్పలు ఆ పొగ వల్ల కొంత తగ్గుతాయి. ఎంత తిప్పలు తగ్గితే అంత పెట్రోలు మిగులుతుంది. లీటరుకు ఒకటో రెండో కిలోమీటర్లు ఎక్కువ. ఇదంతా నిమిషానికి కొన్ని వందలసార్లు తిరుగుతూ చేస్తాను. ఇప్పుడు ఎంత జరగాలో చెప్పడానికి కంప్యూటరుంది. కానీ జరిపేది ఆయిలు. అది నన్ను ఎంత గట్టిగా, ఎంత త్వరగా తాకుతుందన్నదే నా బతుకు.

నా మొదటి యజమాని తెనాలిలో కాలేజీ లైబ్రేరియన్. కారు కొన్న రోజు నుంచీ ఆయన్ని కలిసిన ప్రతివాడూ రంగు అడగలేదు, సుఖం అడగలేదు. "ఎంతిస్తోందండీ?" అని అడిగాడు. "ఇరవై ఇస్తోంది" అని ఆయన గొంతు సవరించుకుని చెప్పేవారు. ఇస్తున్నదెవరో ఆయనకూ తెలియదు, అడిగినవాళ్లకూ తెలియదు. నాకేం బాధ లేదు. పుస్తకంలో రాసిన ఆయిలు, రాసిన రోజున, రాసినంత పోయించేవారు. పుస్తకాల మనిషి కదా. ఏడేళ్లు రాజాలా బతికాను. మోకాళ్లు పట్టేసి క్లచ్ తొక్కలేక ఒకరోజు ఆయన కారు అమ్మేశారు. తాళాలు ఇస్తూ కళ్లు తుడుచుకున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు, ఇస్తున్నది కారునే కదా అనుకున్నాను.

కొన్నది దస్తగిరి మేస్త్రి. అరవై అయిదేళ్ల మనిషి. ఆటోనగర్‌లో ముప్పై అయిదేళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించాడు. ఇప్పుడు షెడ్డు లేదు, పేరు మాత్రం ఉంది. ఆ పేరు ఆయన వేళ్ల వల్ల వచ్చింది. ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ లాగి, దాని చివర నుంచి ఒక బొట్టు ఆయిలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని రుద్దేవాడు. "ఇది రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది" అనేవాడు. "ఇందులో నీళ్లు దిగాయి, హెడ్డు విప్పండి" అనేవాడు. విప్పితే నిజంగానే నీళ్లు ఉండేవట. అనుమానం ఉన్న ఇంజన్ల ఆయిలును జనం ఆయన దగ్గరికి సీసాల్లో తెచ్చేవాళ్లట. ఆ ముప్పై అయిదేళ్లలో ఆయన నోటి వెంట 'తెలీదు' అన్న మాట రాలేదని ఆటోనగర్ అంతా చెప్పుకునేది. ఆయన కూడా అదే చెప్పుకునేవాడు.

కారు కొన్నది తన కోసం కాదు. ఆయన ఒక్కగానొక్క కూతురు మీరాంబీ కాలువ గట్టు రోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఒక ఊళ్లో చిన్న బడి టీచరు. బస్సు సరిగ్గా దొరకదు. ఆమెకు డ్రైవింగ్ లైసెన్సు ఉంది. అయినా, "నేను కాళ్లు చాపుకుని ఇంట్లో కూర్చుని, నువ్వు బండి తోలాలంటమ్మా?" అని ఆయనే స్టీరింగు పట్టుకున్నాడు. ఆమెతోపాటు అదే బడిలో పనిచేసే విక్టోరియా టీచర్ వెనక సీట్లో ఎక్కేది. పెద్దావిడ. నోరు ఆగదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి బయలుదేరడం, సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ వెళ్లి తీసుకురావడం. గట్టు రోడ్డు అంటే తెలుసుగా, ఒక పక్క పొలాలు, ఇంకో పక్క నిండుగా పారే కాలువ. మధ్యలో గోడా లేదు, రాయీ లేదు.

మొదటి ఆరు నెలలూ బాగానే గడిచాయి. ఆయిలు మార్చే రోజు వచ్చింది. మీరాంబీ పుస్తకం చూసి, అందులో రాసిన పల్చటి ఆయిలు డబ్బా కొనుక్కొచ్చింది. మేస్త్రి మూత తీసి, వేళ్ల మధ్య ఒక బొట్టు పెట్టుకుని, అలవాటుగా కళ్లు మూసుకుని రుద్దాడు. మళ్లీ రుద్దాడు.

"దీన్ని ఆయిలంటారంటమ్మా? నీళ్లు. కుళాయి నీళ్లు. ఎవుడో నీ నెత్తిన టోపీ పెట్టాడు" అన్నాడు.

"పుస్తకంలో అదే రాసుంది నాయనా. ఈ ఇంజన్‌కి పల్చటిదే పొయ్యాలంట."

"పుస్తకం రాసినోడు ఎన్ని ఇంజన్లు ఇప్పాడంట? వేళ్లకి తగలని ఆయిలు ఇనుముకి తగుల్తదా?"

డబ్బా వాపసు పోయింది. దాని బదులు లారీల్లో పోసే చిక్కటి ఆయిలు వచ్చింది. అది లోపలికి దిగిన క్షణం నాకు ఇంకా తెలుసు. నా రంధ్రాలు సూది బెజ్జమంత ఉంటాయి. వాటిలోంచి ఆ ఆయిలు బద్ధకంగా, బరువుగా వచ్చింది. కంప్యూటరు జరగమని చెప్పేది. ఆయిలు వచ్చేసరికి ఆ వేళ దాటిపోయేది. నేను జరిగేసరికి మళ్లీ వెనక్కి రమ్మనేది. పొద్దున స్టార్టు చేయగానే టకటకమని కొట్టుకునేదాన్ని. ఆ చప్పుడు విని మేస్త్రి బానెట్ మీద తట్టి, "గట్టి ఆయిలు కదా, చలికి మేలుకుంటోంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అప్పటికి ఇంకా మండేది.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ ఆయిలు మార్చాడు. అదే చిక్కటి ఆయిలును వేళ్ల మధ్య రుద్ది చూసి, "ఇదీ పల్చబడిపోయిందే, కంపెనీలన్నీ దొంగలైపోయాయి" అని గొణుక్కున్నాడు. ఈసారి దానికి తోడు బంకలాంటి మందు ఒకటి డబ్బాలోంచి ఒంపాడు. ఆ తర్వాతిసారి రెండు డబ్బాలు. ఆయిలు పల్చబడలేదు. ఆయన వేళ్లకే ఏడాదికేడాది తక్కువ తెలుస్తోంది. పన్నెండేళ్ల షుగరు ముందు అరికాళ్లలోకి, తర్వాత వేళ్లలోకి దిగింది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు. తనకు తానైనా చెప్పుకున్నాడో లేదో నాకు తెలియదు.

నా సంగతి చెబుతాను. ముందు నా కొసలు మొద్దుబారాయి. రెక్కల అంచుల్లో నల్లటి బంక పేరుకుంది. తర్వాత ఒక అరలో తిమ్మిరి, తర్వాత రెండో అరలో. పిలుపు వచ్చేది, కదలాలనిపించేది, కదలిక వచ్చేది కాదు. కొన్నాళ్లకు కదలాలని కూడా అనిపించలేదు. చివరికి ముందుకు తోసిన చోటే ఇరుక్కుపోయాను. అంటే ఆగి ఉన్నప్పుడు ఆలస్యంగా తెరవాల్సిన తలుపులు కూడా ముందే తెరుచుకునేవి. పొగ, గాలి కలిసిపోయి, బండి ఆగిందంటే ఇంజన్ వణికేది, ఒక్కోసారి పుటుక్కున చచ్చేది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. మేస్త్రి దాని మీద ఒక దర్గా స్టిక్కరు అంటించాడు.

ఇరవై ఇచ్చే బండి పదమూడుకు పడిపోయింది. మేస్త్రి ముందు పెట్రోలు బంకు వాళ్లను తిట్టాడు. బంకు మార్చాడు. తర్వాత రోడ్డును తిట్టాడు. ఆ తర్వాత అద్దంలోంచి వెనక్కి చూసి, "టీచరమ్మ ఎక్కినాకే తగ్గింది మైలేజీ" అన్నాడు.

"ఆహా! నేనెక్కి రెండేళ్లయ్యింది మేస్త్రి గారూ. పోయినేడాది నేను గాల్లో తేలానా?" అంది విక్టోరియా టీచర్. "మీ ఇంజన్‌కి ఆయాసం వస్తే నా ఒళ్లు చూపిస్తారేంటండీ?"

మీరాంబీ నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వులు నా దాకా వచ్చాయిగానీ నాకు ఏమీ అనిపించలేదు.

అది జరిగింది ఒక వానాకాలం పొద్దున. గట్టు రోడ్డు మీద బురద. మలుపు దగ్గర గేదెల మంద అడ్డం వచ్చింది. మేస్త్రి యాక్సిలేటరు వదిలి, క్లచ్ తొక్కాడు. ఇంజన్ రెండుసార్లు వణికి చచ్చిపోయింది. ఇంజన్ చచ్చాక బ్రేకు బిగుసుకుంటుంది, మామూలుకంటే గట్టిగా తొక్కాలి. ఆయన తొక్కాడు. తొక్కుతూనే ఉన్నానని అనుకున్నాడు. బండి ఆగలేదు. "నాయనా! బ్రేకు!" అని మీరాంబీ అరిచింది. "తొక్కా! తొక్కా!" అని ఆయన అరిచాడు. "ప్రభువా!" అని వెనక నుంచి ఇంకో అరుపు. బండి గేదెల్ని తప్పించుకుని, గట్టు వాలులో జారి, ఒక తుమ్మ మొద్దుకు ఆనుకుని నిలబడింది. ముందు చక్రం ఒకటి గాల్లో ఉంది. కింద కాలువ.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముగ్గురూ వెనక తలుపులోంచి పాక్కుంటూ బయటికి వచ్చారు. అప్పుడు విక్టోరియా టీచర్ ఆయన కాళ్ల వైపు చూసింది.

"మేస్త్రి గారూ, మీ కుడికాలి చెప్పేదండీ?"

ఆయన కిందికి చూసుకున్నాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. "బురదలో పడిపోయుంటది" అన్నాడు. పొలాల్లోంచి జనం వచ్చి బండిని పైకి లాగాక మీరాంబీ తన సంచి కోసం లోపలికి వంగింది. చెప్పు బ్రేకు పెడల్ కింద ఇరుక్కుని ఉంది. అది కాలి నుంచి ఊడి ఎంతసేపైందో, ఆయన ఉత్తకాలితో ఎంతదూరం తోలాడో దేవుడికే తెలియాలి. ఆమె దాన్ని తీసి, ఆయనకు చూపించకుండా సంచిలో పెట్టుకుంది.

బండిని ఏడుకొండలు షెడ్డుకు లాక్కొచ్చారు. ఏడుకొండలు ఒకప్పుడు దస్తగిరి మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు యాభై ఏళ్లు దాటాయి, సొంత షెడ్డు, ల్యాప్‌టాపు, స్కానింగు మిషను అన్నీ ఉన్నాయి. మేస్త్రి కనబడితే మాత్రం ఇప్పటికీ నోట్లో వక్కపొడి ఉమ్మేసి నిలబడతాడు. మేస్త్రి మొహం కడుక్కోవడానికి అవతలికి వెళ్లినప్పుడు అతను మిషను తగిలించి చూశాడు. నా పేరు వచ్చింది. ఇంజన్ మూత విప్పి, లోపలి ఆయిలును రెండు వేళ్ల మధ్య తీసుకుని, కళ్లు మూసుకుని రుద్దాడు. ఆ పద్ధతి ఎవరు నేర్పారో వేరే చెప్పాలా? కళ్లు తెరిచాడు. తన వేళ్ల వంకే చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఈ ఆయిలు ఎవరు పోశారమ్మా?"

"నాయనే."

"మేస్త్రి పోశాడా? వేళ్లతో చూసే పోశాడా?"

"చూసే పోశాడన్నా. పుస్తకంలోది నీళ్లలాగా ఉందని దీన్నే ఎంచుకున్నాడు."

ఇద్దరికీ అర్థమైంది. మేస్త్రి తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, "ఏం రా, ఏం దొరికింది?" అన్నాడు.

ఏడుకొండలు ల్యాప్‌టాపు మూసేశాడు. "కంపెనీ పార్టు మేస్త్రీ. వివిటి గేరు. తయారీలోనే లోపం. మీరేం చేసినా ఆగేది కాదు."

"చెప్పానా!" అని మేస్త్రి తొడ మీద కొట్టుకున్నాడు. "నేను ముందే అన్నా, ఈ కొత్త ఇంజన్లు బొమ్మలని. ఇంకా నయం, నా కూతురు ఉండబట్టి గట్టిగా తొక్కా. లేకపోతే ఈపాటికి కాలవలో ఉండేవాళ్లం. కొత్తది ఎక్కించు. రేప్పొద్దున బడికి తీసకపోవాలి."

రేప్పొద్దున. ఆ మాట విని మీరాంబీ మొహం పాలిపోయింది. నన్ను మార్చేస్తే బండి బాగవుతుంది. బాగైన బండిలో మళ్లీ ఆయనే కూర్చుంటాడు, మళ్లీ అదే గట్టు, అదే కాలువ, ఎక్కడుందో తెలియని అదే కుడికాలు. వద్దని చెప్పాలంటే ముప్పై అయిదేళ్ల పేరును ఆయన మొహం మీదే చింపెయ్యాలి. చెప్పకపోతే రేపు పొద్దున ఎనిమిదింటికి బండి ఎక్కాలి. ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుని కూర్చుంది. మనుషుల మర్యాద ఎంత విచిత్రమో చూడండి. ఒక మనిషి పరువు కాపాడటానికి ముగ్గురి ప్రాణాలు పణంగా పెడతారు, తప్పు మాత్రం నోరులేని ఇనుముకు అంటగడతారు. పరీక్ష బల్ల మీద వెంట్రుక మందం తేడా లేదని రుజువు చేసుకుని వచ్చినదాన్ని నేను. లోపమట, తయారీలోనట! నాలో పాత మనసుంటే ఆ రోజు గోల చేసేదాన్ని. నన్ను విప్పి గిన్నెలో పడేశారు. ఊరికే పడి ఉన్నాను.

కొత్త గేరు వచ్చింది. నాలాంటిదే, మెరుస్తోంది. లోపల బంకంతా కడిగి, పల్చటి ఆయిలు పోశారు. ఇంజన్ నిమ్మళంగా ఆడింది. మేస్త్రి చెవి ఆనించి విన్నాడు, తలాడించాడు. తర్వాత స్టూలు లాక్కుని గిన్నెలోంచి నన్ను తీసుకున్నాడు. "ఈ లోపం ఎక్కడుందో చూద్దాం. నలుగురికీ చూపిద్దాం" అన్నాడు. స్క్రూ డ్రైవరు నా సందులో పెట్టి, పక్క షెడ్ల వాళ్లు మూగుతుండగా తెరిచాడు. నా మూత అంచు పదునుగా లేస్తుంది, అది నా తప్పు కాదు. ఆయన చూపుడువేలు దాని మీదుగా జారింది. చర్మం చీలి, రక్తం నా రెక్కల మీద, నల్లటి బంక మీద బొట్లుబొట్లుగా పడింది. ఆయన మాట ఆపలేదు.

"ఇదుగో, ఈ రెక్క చూడండి, ఎట్టా పట్టేసిందో. నాసిరకం ఇనుము. వేలితో ముట్టుకుంటేనే తెలిసిపోతాంది నాకు..."

చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూడటం మానేసి ఆయన వేలిని చూస్తున్నారు. రక్తం మణికట్టు దాకా వచ్చింది.

"నాయనా" అంది మీరాంబీ. "చెయ్యి."

"ఏమైంది చేతికి?"

ఆయన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. తెగిన చోట ఇంకో వేలితో నొక్కి చూసుకున్నాడు. మళ్లీ గట్టిగా నొక్కాడు. ఆయన మొహంలో నొప్పి లేదు. నొప్పి లేదన్న భయం ఉంది.

మీరాంబీ సంచిలోంచి బురద చెప్పు తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. "బురదలో పడలేదు నాయనా. బ్రేకు కింద ఉంది" అంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం తడబడలేదు. తర్వాత రెండు సీసా మూతలు తెచ్చింది. ఒకదాంట్లో నాలోంచి తీసిన నల్లటి ఆయిలు, ఒకదాంట్లో కొత్త పల్చటి ఆయిలు. "తెగని చేత్తో ముందొకటి, తర్వాత ఇంకొకటి. కళ్లు మూసుకుని చెప్పు. ఏది చిక్కన?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎడమచేతి వేళ్ల మధ్య ఒక బొట్టు రుద్దాడు. తుడుచుకుని ఇంకో బొట్టు రుద్దాడు. ఆయన చాలాసేపు రుద్దాడు. ఏదో ఒకటి అనెయ్యొచ్చు, సగం అవకాశం ఉంది కదా, నిజమైనా అవుతుంది. అలా అంటాడనే నేను అనుకున్నాను. అక్కడ నిలబడ్డ వాళ్లంతా అనుకున్నారు.

"తెలీట్లేదమ్మా" అన్నాడు.

అన్నాక కూడా కళ్లు తెరవలేదు. మీరాంబీ ఆయన వేలికి తన చున్నీ చివర చుట్టి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆయన ఏడుకొండలు వైపు తిరిగాడు.

"ఎప్పుడు తెలిసిందిరా నీకు?"

"మూత విప్పినప్పుడే మేస్త్రీ. ఆయిలు ముట్టుకోంగానే."

"మరి దీని మీద పెట్టావేం తప్పు?"

"మీకు ఎట్టా చెప్పను మేస్త్రీ?" అని ఏడుకొండలు తల దించుకున్నాడు.

"నట్టు అడ్డంగా ఎక్కితే ఎక్కిందని చెప్పమని చెవి మెలేసి నేర్పలా నీకు? ఇంజన్‌కొకటి, మేస్త్రికొకటి నేర్పానా?" అన్నాడు. నన్ను తిప్పి చూశాడు. "దీనిదేం లోపం లేదు. నాదే. దీన్ని తుక్కులో వెయ్యమాక" అన్నాడు. చొక్కా జేబులోంచి కారు తాళం తీసి మీరాంబీ చేతిలో పెట్టాడు. పెట్టానో లేదో తెలియక, వంగి చూసుకుని, ఆమె పిడికిలి మూశాక చెయ్యి వదిలాడు.

నన్ను గుడ్డముక్కలో చుట్టి ఆయన సంచిలో వేసుకున్నాడు. అందుకే ఆస్పత్రికి కూడా వెళ్లొచ్చాను. డాక్టరమ్మ ఆయన్ని కళ్లు మూసుకోమంది. సన్నటి దారంలాంటి దాంతో అరికాలి మీద తాకుతాను, తాకినప్పుడల్లా చెప్పమంది. ఆయన బుద్ధిగా కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. కాసేపటికి, "ఇంకా మొదలెట్టలేదా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ అప్పటికి పదిసార్లు తాకింది. ఇక బండి తోలకూడదని చీటీలో రాసిచ్చింది. నాకు ఆ చీటీతో ఒక చిత్రమైన చుట్టరికం తోచింది. నన్ను విప్పిన రోజున ఏడుకొండలు మిషను కూడా నా గురించి అలాంటి ముక్కే చెప్పింది.

ఇప్పుడు స్టీరింగు మీరాంబీ పట్టుకుంటోంది. మేస్త్రి పక్క సీట్లో కూర్చుంటాడు, పట్టీ కట్టే చెప్పులు వేసుకుని. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకు తొక్కుతుందట. మొన్న విక్టోరియా టీచర్ ఇంటికొచ్చి, "ఏం మేస్త్రి గారూ, పంతొమ్మిదిన్నర ఇస్తోందంట బండి. నేనేమైనా చిక్కానంటారా?" అని నిలదీసింది. "చిక్కలా టీచరమ్మా. నేనే మొద్దుబారా" అన్నాడు. ఆవిడ నవ్వడానికే అడిగింది, నవ్వలేకపోయింది. టీ తాగి వెళ్లిపోయింది.

ఆయన రోజూ పొద్దున నన్ను చేతిలోకి తీసుకుంటాడు. డాక్టరమ్మ చెప్పిన వ్యాయామం, ఏదైనా వస్తువును వేళ్లతో నొక్కి తిప్పుతూ ఉండాలట. ఆయన నా రెక్కల్ని కిరసనాయిలులో కడిగాడు, బంకంతా పోయింది. అయినా లోపల పిన్ను అరిగిపోయింది, అంచులు గీరుకుపోయాయి. ఇక ఏ ఇంజన్‌కూ పనికిరాను. ఆయన నొక్కుతాడు. నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. పావుగంట అలా గడుస్తుంది, తర్వాత గట్టు మీద పెట్టేస్తాడు. మాకు ఒకరి మీద ఒకరికి కోపం లేదు, జాలి కూడా లేదు.

ఆదివారాల్లో మాత్రం మీరాంబీ కారు డిప్‌స్టిక్ లాగి, దాన్ని పట్టుకుని లోపలికి వస్తుంది. కిటికీ పక్కన ఆయన ముందు కూర్చుని, ఒక బొట్టు తన వేళ్ల మధ్య పెట్టుకుంటుంది.

"కళ్లు మూసుకో. తొందరపడమాక" అంటాడు ఆయన. "ఏం తెలుస్తాంది?"

"జారుతోంది నాయనా."

"జారితే చాలదు. జారేముందు ఆగుతాందా?"

"కొంచెం. ఇసుకలాగా ఏదో సన్నగా తగులుతోంది."

"అదీ! అది లోపల అరిగిన ఇనుము. ఇంకో వెయ్యి కిలోమీటర్లకి మార్చెయ్. ఇంకా చెప్పు. వెచ్చగా ఉందా?"

ఆయన మెడ ముందుకు చాచి, తన రెండు వేళ్లు గాల్లో రుద్దుకుంటూ వింటాడు. ఆ వేళ్ల మధ్య ఏమీ ఉండదు. ఆమె కళ్లు మూసుకుని ఉంటుంది కాబట్టి చూడదు. నేను చూస్తాను. ఆయిలు ఎలా ఉందో ఆ అమ్మాయి ఒక్కొక్క ముక్కే చెబుతుంటే, కిటికీ దగ్గర మేమిద్దరం కదలకుండా వింటాం.